క్విక్స్ పెట్టాలా, సబ్‌స్ట్రేట్ పెట్టాలా: స్క్రీన్‌సేవర్ కమాండ్లలో తిప్పాల్సిన ఆప్షన్లు

కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు తెర మీద బొమ్మలు నడిపే ప్రోగ్రాముల మూట ఎక్స్‌స్క్రీన్‌సేవర్. క్విక్స్, సబ్‌స్ట్రేట్ అందులోవే. లినక్స్‌లో దాన్ని వేసుకున్నాక చాలామంది చేసేది ఒకటే. సెట్టింగ్స్ తెరిచి జాబితాలో పైనుంచి ఒక్కొక్కటీ నొక్కి చూస్తారు. ఇరవై దాటేసరికి విసుగొస్తుంది. "ఏదో ఒకటి రానీలే" అని రాండమ్ మీద పెట్టి వదిలేస్తారు. తప్పు వాళ్లది కాదు. 1992లో జేమీ జవిన్‌స్కీ మొదలుపెట్టిన ఈ మూటలో ఇప్పుడు రెండు వందలకు పైగా ప్రోగ్రాములున్నాయి, మళ్లీ ఒక్కోదానికి బోలెడు ఆప్షన్లు. అన్నీ చూసి, అన్నీ తిప్పి ఎంచుకోవడం సంక్రాంతి సెలవులన్నీ పెట్టినా అయ్యే పని కాదు.

అందుకే ఇక్కడ ఒక్క వర్గం గురించే రాస్తున్నాను. లెక్క వేసి నమూనాలు గీసేవి: గీతలు, వలయాలు, మరకలు, పలకలు. త్రీడీ చేపలు, గడియారాలు, పైపుల జోలికి పోవడం లేదు. ఈ నమూనాల ప్రోగ్రాములతో కొన్నేళ్లు కుస్తీ పట్టాక నాకు తెలిసిందేమిటంటే, దేనికి ఎన్ని ఆప్షన్లున్నా బొమ్మ తీరును మార్చేది ఒకటో రెండో. మిగతావన్నీ పైపై సర్దుబాట్లు. కీలెరిగి వాత పెట్టమన్నారు కదా, ఆ కీలు ఎక్కడుందో చూసుకుంటే ఏది మనకు పనికొస్తుందో తేల్చుకోవడానికి పది నిమిషాలు చాలు.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఆప్షన్ల పేర్లు నేను తెలుగు లిపిలో రాస్తున్నాను. టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైపు చేసే కిటికీలో మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, ముందు అడ్డగీత పెట్టి కొట్టాలి. పేరు మధ్యలో నేను అడ్డగీత రాసిన చోట అక్కడా అడ్డగీతే, కలిపి రాసిన చోట కలిపే. కొత్త వెర్షన్ల మాన్యువల్ పేజీల్లో పేరు ముందు రెండేసి అడ్డగీతలు కనిపిస్తాయి. కంగారు పడకండి, ఒక్కటి పెట్టినా నడుస్తుంది.

ముందు నడిపి చూడాలి

టెర్మినల్‌లో క్విక్స్ అని కొట్టి ఎంటర్ నొక్కితే అలాంటి కమాండ్ లేదంటుంది. ప్రోగ్రాము లేక కాదు, అది మామూలుగా కమాండ్లు వెతికే చోట లేదు. డెబియన్, ఉబుంటు అనే లినక్స్ రకాల కొత్త విడుదలల్లో ఇవన్నీ యూఎస్‌ఆర్ కింద లిబ్‌ఎగ్జెక్ ఫోల్డర్‌లో, పాతవాటిలో లిబ్ ఫోల్డర్‌లో, ఎక్స్‌స్క్రీన్‌సేవర్ అనే లోపలి ఫోల్డర్‌లో ఉంటాయి. ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి, చుక్క, ఏటవాలు గీత పెట్టి పేరు కొట్టండి. అక్కడా లేకపోతే డేటా-ఎక్స్‌ట్రా అనే అదనపు ప్యాకేజీ వేసుకోలేదన్నమాట. డెబియన్‌లో వీటిని ఒకే ప్యాకేజీలో ఇవ్వరు, ముక్కలు చేసి ఇస్తారు.

ఏ ఆప్షనూ ఇవ్వకుండా నడిపితే మామూలు కిటికీలో బొమ్మ వస్తుంది. పరీక్షకు అదే మంచిది. రూట్ ఆప్షన్ ఇస్తే కిటికీ లేకుండా స్క్రీన్ అడుగున, అంటే డెస్క్‌టాప్ నేల మీద గీస్తుంది. ఇప్పటి గ్నోమ్, కేడీఈ లాంటి డెస్క్‌టాప్‌లు ఆ నేల మీద తమ వాల్‌పేపర్‌ను తివాచీలా పరిచేస్తాయి కాబట్టి రూట్ ఇచ్చి "ఏమీ రాలేదే" అని చూస్తూ కూర్చునేవాళ్లు చాలామంది. తెర మీద కిటికీలు చూపించే కొత్త వ్యవస్థ వేలాండ్ మీద ఉన్నవాళ్లు రూట్ సంగతి మర్చిపోవడమే మేలు. కిటికీలోనే చూసుకోండి.

ఇంకొకటి, ఇది కాస్త ముఖ్యం. ఈ ప్రోగ్రాములు బొమ్మ గీస్తాయి, అంతే. తలుపుకు తాళం వేసేది వెనకాల ఉండే అసలు ఎక్స్‌స్క్రీన్‌సేవర్. టెర్మినల్‌లో క్విక్స్ నడిపి పెద్ద కిటికీ చేసి టీకి వెళ్లిపోతే మీ మెయిల్ ఎవరైనా చదవొచ్చు.

ఏ రెండిటిని పోల్చాలన్నా ఎఫ్‌పీఎస్ ఆప్షన్ తగిలించండి. మూలలో సెకనుకు ఎన్ని ఫ్రేములు గీస్తోందో, దానికి ఎంత లోడ్ పడుతోందో కనిపిస్తుంది. అందంగా ఉందా లేదా అన్నది మీ కళ్లు చెబుతాయి. పాత లాప్‌టాప్ మోయగలదా లేదా అన్నది ఆ లోడ్ అంకె చెబుతుంది. నేనైతే లోడ్ చూడకుండా దేన్నీ ఖాయం చేయను, ఎందుకంటే మనం లేనప్పుడు నడవాల్సిన ప్రోగ్రాము మనం లేనప్పుడు ఫ్యాన్‌ను గిరగిరా తిప్పడంలో అర్థం లేదు.

డిలే: సెకన్లా, మైక్రోసెకన్లా

అన్నిట్లోనూ ఉండే ఆప్షన్, అందరూ ముందు ముట్టుకునే ఆప్షన్ డిలే. పెద్ద గొయ్యి కూడా ఇక్కడే ఉంది.

చాలా ప్రోగ్రాముల్లో డిలే అంటే ఒక ఫ్రేముకూ ఇంకో ఫ్రేముకూ మధ్య విరామం. కొలత మైక్రోసెకన్లలో, అంటే సెకనుకు పది లక్షలు. 20000 ఇస్తే సెకనుకు మహా అయితే 50 ఫ్రేములు, 40000 ఇస్తే 25. క్విక్స్, ఇంటర్‌ఫియరెన్స్, పెన్‌రోజ్, మంచ్ ఈ జాతివి.

మొయిరే, రోర్‌షాక్, డెకో, ఎక్స్‌స్పైరోగ్రాఫ్ మాత్రం వేరే జాతి. ఇవి ఒక బొమ్మ పూర్తిచేసి, దాన్ని కాసేపు అలాగే ఉంచి, తుడిచి మళ్లీ మొదలుపెడతాయి. వీటిలో డిలే అంటే ఆ "కాసేపు". కొలత సెకన్లలో. డిఫాల్ట్, అంటే మనం ఏమీ ఇవ్వకపోతే ఉండే అంకె, 5.

ఈ తేడా నేను మాన్యువల్ చదివి నేర్చుకోలేదు. క్విక్స్‌కు రాసుకున్న కమాండ్‌ను కాపీ చేసి, పేరు మాత్రం మొయిరే అని మార్చి, డిలే 20000 అలాగే ఉంచేశాను. మొదటి బొమ్మ చక్కగా గీసింది. వంగపండు రంగు వలయాలు, వాటి మధ్య సన్నటి ఆకుపచ్చ. బాగుందనుకున్నాను. అన్నం తిని వచ్చి చూసినా అవే వలయాలు. పడుకునే ముందు చూసినా అవే. సిస్టమ్ బిగుసుకుపోయిందనుకుని పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేశాను, సేవ్ చేయని ఫైలు ఒకటి దాంతోపాటే పోయింది. మర్నాడు కాగితం మీద లెక్క వేస్తే తెలిసింది: 20000 సెకన్లంటే ఐదు గంటల ముప్పై మూడు నిమిషాలు. పాపం అది చెప్పిన పని చెప్పినట్టే చేస్తోంది.

కాబట్టి రెండు జాతుల మధ్య కమాండ్లు కాపీ కొట్టేటప్పుడు డిలేను ముందు చెరిపేయండి. ఎక్స్‌స్పైరోగ్రాఫ్‌లో రెండూ ఉంటాయి. డిలే సెకన్లలో, సబ్‌డిలే మైక్రోసెకన్లలో. గీత పాకే వేగం సబ్‌డిలే చేతిలో ఉంటుంది, పూర్తయిన బొమ్మ ఎంతసేపు నిలవాలో డిలే చేతిలో.

కదిలేవి: క్విక్స్, ఇంటర్‌ఫియరెన్స్

క్విక్స్ పాత కాపు. 1981లో టైటో కంపెనీ తెచ్చిన ఆర్కేడ్ ఆట పేరే దీనిదీ. ఒక గీత గోడలకు కొట్టుకుంటూ తిరుగుతుంది, దాని వెనక పాత గీతలు తోకలా వస్తాయి. దీనికున్న ఆప్షన్ల పట్టిక చూస్తే తల తిరుగుతుంది కానీ పట్టుకోవాల్సినవి మూడే: సెగ్మెంట్స్, సాలిడ్, పాలీ.

సెగ్మెంట్స్ అంటే తోక పొడవు. 30 పెడితే మిడతలా గెంతుతుంది, 300 పెడితే పట్టు చీర కుచ్చిళ్లు విప్పినట్టు స్క్రీనంతా పరుచుకుంటుంది. సాలిడ్ పెడితే గీతల మధ్య ఖాళీ రంగుతో నిండుతుంది. ఇది పెట్టినదీ పెట్టనిదీ పక్కపక్కన చూస్తే ఒకే ప్రోగ్రాము అంటే నమ్మరు. పాలీ అనేది ఒక్కో గీతకు ఎన్ని కొనలుండాలో చెబుతుంది. డిఫాల్ట్ 2, అంటే గీత. 3 ఇస్తే త్రిభుజం. 5, 6 దాకా బాగుంటుంది, ఆపైన చిక్కుముడి పడిన ఊలు ఉండలా తయారవుతుంది.

మిగతావాటిలో రాండమ్, లీనియర్ అనే జంట ఒకటి చెప్పుకోదగ్గది. రాండమ్‌లో దారి వంకరటింకరగా ఉంటుంది, లీనియర్‌లో క్యారమ్స్ స్ట్రైకర్‌లా నేరుగా వెళ్లి గోడకు కొట్టుకుని తిరిగొస్తుంది. కలర్-షిఫ్ట్ రంగు ఎంత తొందరగా మారాలో చెబుతుంది. డిఫాల్ట్ 3 డిగ్రీలు. దాన్ని 1 చేస్తే కళ్లకు హాయి, 10 దాటితే పెళ్లి పందిరి సీరియల్ లైట్లే. గ్రావిటీ పెడితే కిందకు లాగుతూ ఉంటుంది, రెండుసార్లు చూసి నవ్వుకోవడానికి సరే.

ట్రాన్స్‌పరెంట్, దాని వెంట ఉండే అడిటివ్, సబ్‌ట్రాక్టివ్ ఆప్షన్లు చూసి ఆశపడకండి. రెండు మూడు క్విక్స్‌లు ఒకదాని మీద ఒకటి పడినప్పుడు రంగులు కలవడం వాటి పని. చదవడానికి భలే ఉంటుంది. కానీ అది సూడోకలర్ తెరల మీద మాత్రమే పనిచేస్తుందని మాన్యువల్ పేజీలోనే ఉంది, అంటే పరిమితమైన రంగుల పట్టికతో నడిచే పాత రోజుల తెరలు. మన ఇళ్లలో ఇప్పుడున్నవి అవి కావు.

ఇంటర్‌ఫియరెన్స్‌ది పూర్తిగా వేరే రుచి. చెరువులో మూడు చోట్ల ఒకేసారి రాళ్లు వేసినట్టు, అలలు కలిసిన చోటల్లా రంగు మారుతుంది. మెత్తగా, నెమ్మదిగా, ఎక్కడా కొస లేకుండా సాగుతుంది. అందంలో నా ఓటు దీనికే. కానీ ఇది తినే తిండి తక్కువ కాదు.

దీనికి గ్రిడ్‌సైజ్ అని ఒక ఆప్షన్ ఉంది. స్క్రీన్‌ను ఎంత పెద్ద గళ్లుగా చేసి లెక్క వేయాలో అది చెబుతుంది. 1920 అడ్డం, 1080 నిలువు ఉన్న స్క్రీన్ మీద గ్రిడ్‌సైజ్ 2 అయితే 960 ఇంటు 540, అంటే 5,18,400 గళ్లు. మూడు అలలుంటే ప్రతి ఫ్రేముకూ ఒక్కో గడికీ మూడేసి లెక్కలు, అంతా కలిపి పదిహేను లక్షల పైమాటే. అదే గ్రిడ్‌సైజ్ 4 చేస్తే గళ్లు 1,29,600. అంకె రెట్టింపైతే పని నాలుగో వంతుకు పడిపోతుంది. అదే కౌంట్, అంటే అలల సంఖ్య, మూడు నుంచి రెండు చేస్తే పని మూడో వంతే తగ్గుతుంది, పైగా బొమ్మ బోసిపోతుంది. కాబట్టి పాత మెషీన్ మూలుగుతుంటే కౌంట్ జోలికి పోకుండా ముందు గ్రిడ్‌సైజ్ పెంచండి. 4 దగ్గర గళ్లు కాస్త కనిపిస్తాయి. రెండు గజాల దూరం నుంచి చూసేవాళ్లకు అది తెలియదు.

క్విక్స్‌కీ దీనికీ మధ్య ఎంచుకోవాలంటే: నీరసపడిన లాప్‌టాప్ అయితే క్విక్స్, బ్యాటరీ మీద నడిచేదైతే తప్పకుండా క్విక్స్. కరెంటు ప్లగ్‌లో ఉన్న డెస్క్‌టాప్, పక్కన ఎవరైనా చదువుకుంటున్న గది అయితే ఇంటర్‌ఫియరెన్స్. క్విక్స్ కంటి కొసకు తగులుతూనే ఉంటుంది, చదువుకునేవాళ్లను లాగేస్తుంది. మా ఇంట్లో ఇంటర్ పరీక్షల నెల అంతా దానికి సెలవు.

ఒక్కో బొమ్మా గీసి ఆగేవి: మొయిరే, రోర్‌షాక్, ఎక్స్‌స్పైరోగ్రాఫ్

దోమతెర రెండు మడతలు ఒకదాని మీద ఒకటి పడినప్పుడు, ఏ మడతలోనూ లేని అలలు కనిపిస్తాయి చూడండి, అదే మొయిరే. ఈ ప్రోగ్రాము గీసేది ఒకే కేంద్రం చుట్టూ వలయాలు. కానీ స్క్రీన్ నిండా పది పదిహేను చోట్ల వలయాలు కనిపిస్తాయి. అవి దొంగ వలయాలు. అసలు వలయాలు కేంద్రం నుంచి దూరం పోయేకొద్దీ సన్నబడి, ఒక్క పిక్సెల్ కన్నా సన్నమై, ఆ మిగులే కొత్త వలయాలుగా కళ్లను మోసం చేస్తుంది.

కీలు ఆఫ్‌సెట్. డిఫాల్ట్ 50. ఇది పెద్దదైతే వలయాలు వెడల్పై దొంగలు తగ్గుతారు, చిన్నదైతే స్క్రీనంతా దొంగలే. మామూలుగా ఆఫ్‌సెట్ దాకా ఏదో ఒక అంకెను ప్రోగ్రామే ఎంచుకుంటుంది. నో-రాండమ్ ఇస్తే మీరిచ్చిన అంకెకే కట్టుబడుతుంది. నాకు 8 నుంచి 15 మధ్య నచ్చుతుంది. రంగుల లెక్క ఎన్‌కలర్స్ చూసుకుంటుంది, డిఫాల్ట్ 64 బాగానే ఉంది, కదపక్కర్లేదు.

రోర్‌షాక్ పేరు స్విట్జర్లాండ్ డాక్టరు హెర్మన్ రోర్‌షాక్‌ది. 1921లో ఆయన సిరామరకలతో మనసును చదివే పరీక్ష ప్రచురించాడు. చిన్నప్పుడు నోటుబుక్కు పేజీలో సిరా చుక్క వేసి మడిచి సీతాకోకచిలుక చేశాం కదా, అదే పని. ఒక చుక్క తాగుబోతులా దారీ తెన్నూ లేకుండా తిరుగుతుంది, దాని ప్రతిబింబం అటు పక్కా పడుతుంది.

ఇక్కడ ఆప్షన్లు తిప్పేవాళ్లు తరచూ తప్పు బిరడా పట్టుకుంటారు. మరక చిన్నగా ఉంది, పెద్దది కావాలి అనుకుని ఇటరేషన్స్, అంటే అడుగుల సంఖ్య, 4000 నుంచి 8000 చేస్తారు. మరక పెద్దగా పెరగదు, చిక్కబడుతుంది. తాగుబోతు నడక లెక్క అలాంటిది. రెట్టింపు దూరం పోవాలంటే నాలుగు రెట్ల అడుగులు వేయాలి. అదే ఆఫ్‌సెట్, అంటే ఒక్కో అడుగు ఎంత దూరం పడొచ్చో చెప్పేది, రెట్టింపు చేస్తే మరక వెంటనే రెట్టింపవుతుంది. కానీ చుక్కల మధ్య ఎడం పెరిగి, సిరా కాకుండా ముగ్గుపిండి చల్లినట్టు కనిపిస్తుంది. పెద్ద టీవీ మీద పెట్టాలంటే రెండూ కలిపి పెంచాలి: ఆఫ్‌సెట్ రెట్టింపు, ఇటరేషన్స్ నాలుగు రెట్లు. ఎక్స్‌సిమెట్రీ, వైసిమెట్రీ రెండూ పెడితే మరక కాస్తా తివాచీ డిజైన్ అయిపోతుంది. అప్పుడిక దాన్ని చూసి ఎవరూ గబ్బిలం అనరు, ఆ సరదా పోతుంది. నేను ఎక్స్ ఒక్కటే ఉంచుతాను.

ఎక్స్‌స్పైరోగ్రాఫ్ పళ్ల చక్రాల్లో పెన్ను పెట్టి తిప్పే ఆట బొమ్మకు నకలు. లేయర్స్ ఎన్ని పొరలో చెబుతుంది. పట్టించుకోవాల్సింది ఆల్వేస్‌ఫినిష్. అది లేకపోతే కొన్ని బొమ్మలు సగంలో ఆగి తర్వాతి పొర మొదలవుతుంది. పెడితే ప్రతి పొరా పూర్తవుతుంది. పిల్లలున్న ఇంట్లో తప్పక పెట్టండి. సగంలో ఆపేస్తే "అయిపోలేదు కదా" అని ఒకటే గోల.

నెమ్మదిగా పెరిగేది

సబ్‌స్ట్రేట్ గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే ఈ పట్టికలో గంటసేపు కూర్చుని చూడగలిగింది నాకిదొక్కటే. జారెడ్ టార్‌బెల్ రాసిన అల్గోరిథం. ఖాళీ తెర మీద రెండు మూడు గీతలు పుట్టి తిన్నగా పాకుతాయి. ఒకటి ఇంకోదానికి తగలగానే ఆగిపోతుంది, అప్పటికే ఉన్న గీతల ఒడ్డు నుంచి కొత్తది లంబకోణంలో మొలుస్తుంది. పాకే గీత పక్కన రంగు ఇసుక చల్లినట్టు పలచగా పరుచుకుంటుంది. మొదటి నిమిషం ఏమీ లేనట్టే ఉంటుంది. ఆపైన పైనుంచి చూసిన పొలం గట్లు. ఇంకాసేపటికి సందులు పడి, పాతబస్తీ మ్యాప్. చివరికి ఎండిన చెరువు అడుగు.

ఇనీషియల్-క్రాక్స్ అంటే మొదట పుట్టే బీటలు. తక్కువ పెడితే పెద్ద పెద్ద మళ్లతో మొదలై తీరుబడిగా నిండుతుంది, 20, 30 పెడితే మొదట్లోనే కిక్కిరిసిపోయి తొందరగా గజిబిజి అవుతుంది. నేను 3 దాటను. సర్కిల్-పర్సెంట్ నూటికి ఎన్ని బీటలు వంపు తిరగాలో చెబుతుంది, బొమ్మ తీరును మార్చే అసలు కీలు ఇదే. 0 పెడితే గడులు గడులుగా ఊరు, 100 పెడితే ఉల్లిపాయ పొరలు. రెండిటి మధ్యలో, 15, 20 దగ్గర, ఊరి చుట్టూ ఏరు తిరిగినట్టుంటుంది. వైర్‌ఫ్రేమ్ పెడితే రంగు ఇసుక పోయి గీతలే మిగులుతాయి. సగం అందం ఆ ఇసుకలోనే ఉంది కాబట్టి నేను వాడను. గ్రోత్-డిలే పెంచితే ఇంకా నెమ్మదిస్తుంది.

దీనికొక ఇబ్బంది ఉంది. నేపథ్యం తెలుపు. రాత్రి చీకటి గదిలో ట్యూబ్‌లైట్ వేసినట్టు వెలుగుతుంది. పడకగదిలో పెట్టాలంటే బ్యాక్‌గ్రౌండ్ నలుపు, ఫోర్‌గ్రౌండ్ తెలుపు అని ఇవ్వాలి. ఒక్కటి మార్చి ఇంకోటి మర్చిపోతే నలుపు మీద నలుపు, ఏమీ కనిపించదు.

దీనితో పోల్చదగ్గది పెన్‌రోజ్. అదీ నెమ్మదిగానే పెరుగుతుంది, రెండు రకాల పలకలను ఒక్కొక్కటిగా అతుక్కుంటూ పోతుంది. ఎంత దూరం పోయినా నమూనా అచ్చంగా తిరిగి రాదు. రోజర్ పెన్‌రోజ్ కనిపెట్టిన ఈ పేర్పు లాంటిదే టాయిలెట్ పేపర్ మీద అచ్చేశారని 1997లో కోర్టు దాకా వెళ్లారు కూడా. ఆయనకే 2020లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది, దానికి ఈ పలకలతో సంబంధం లేదనుకోండి. సైజ్ ఆప్షన్ పలక కొలత, అమ్మాన్ ఆప్షన్ పలకల మీదుగా అదనపు గీతలు గీస్తుంది. లెక్కల మీద మోజున్నవాళ్లు అమ్మాన్ పెట్టుకుని చూడాలి, పలకల్లో దాగిన తిన్నని దారులు బయటపడతాయి. మిగతావాళ్లకు సబ్‌స్ట్రేటే మేలు. పెన్‌రోజ్‌లో ఐదు నిమిషాల తర్వాత ఏం జరగబోతోందో ముందే తెలిసిపోతుంది.

ట్రుషే అని ఇంకోటి ఉంది, పలకలదే. ఒక్కో పలకలో వంపులో, గీతో వేసి, అటో ఇటో తిప్పి పేరుస్తుంది. 1704లో సెబాస్టియన్ ట్రుషే అనే ఫ్రెంచి మతగురువు పలకలను ఇలా అటూ ఇటూ తిప్పి పేర్చడం గురించి రాశాడు. దూరం నుంచి చూస్తే చుక్కలు చెరిపేసిన మెలికల ముగ్గే. కొలత మార్చుకోవడం తప్ప చేయగలిగింది తక్కువ.

మంచ్, హాపలాంగ్

చరిత్ర మీద ఇష్టముంటే తప్ప మంచ్ పెట్టకండి. 1962 ప్రాంతంలో పీడీపీ-1 కంప్యూటర్ మీద పుట్టిన "మంచింగ్ స్క్వేర్స్" ఇది. అడ్డం అంకెనూ నిలువు అంకెనూ ఎక్స్‌ఆర్ చేస్తే, అంటే వాటి బిట్లను పోల్చి తేడా ఉన్న చోటల్లా 1 వేస్తే, వచ్చే గళ్లు. ఐదారు యంత్ర ఆజ్ఞల్లో ఇంత బొమ్మా? అని ఆశ్చర్యపడొచ్చు. కానీ బాగా మినుకుమినుకుమంటుంది. తలనొప్పి మనుషులున్న గదిలో అస్సలు వద్దు.

హాపలాంగ్ బ్యారీ మార్టిన్ సూత్రం మీద చుక్కలు చల్లుతుంది. మార్టిన్, పాప్‌కార్న్, జాంగ్ అని రకరకాల సూత్రాలు ఆప్షన్లుగా ఉన్నాయి. ఒకటి ఎంచి బిగించుకోవచ్చు. కానీ ప్రతిసారీ మారిపోవడమే దీని సొగసు, ఏమీ ఇవ్వకుండా వదిలేయండి.

నచ్చినదాన్ని ఖాయం చేయడం

టెర్మినల్‌లో కుదిరిన కమాండ్‌ను ఎక్కడ రాయాలి? హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే ఎక్స్‌స్క్రీన్‌సేవర్ ఫైలు ఉంటుంది. అందులో ప్రోగ్రామ్స్ అనే చోట వరసకొక కమాండ్. అక్కడ రూట్ ఆప్షన్ తీసేయకూడదు. వరస చివర ఉండే వెనక్కి వాలిన గీతలను, మధ్యలోని ఎన్ అక్షరాన్ని కదపకూడదు. వరస మొదట్లో అడ్డగీత ఉంటే ఆ ప్రోగ్రాము నిద్రపోతున్నట్టు. ఒకే ప్రోగ్రామును వేర్వేరు ఆప్షన్లతో నాలుగుసార్లు రాసుకోవచ్చు, ముందు కొటేషన్లలో సొంత పేరు కూడా పెట్టుకోవచ్చు. నా ఫైల్లో సబ్‌స్ట్రేట్ రెండుసార్లు ఉంది, పగటిది ఒకటి, రాత్రిది ఒకటి.

ఫైలు ముట్టుకోవడానికి భయమైతే సెట్టింగ్స్‌లో స్లైడర్లు జరిపి, పక్కనున్న అడ్వాన్స్‌డ్ బటన్ నొక్కండి. మీరు జరిపినదంతా కమాండ్‌గా రాసి చూపిస్తుంది. నిజానికి ఆప్షన్ల పేర్లు నేర్చుకోవడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు. మాన్యువల్ పేజీ ఆ తర్వాత.

షాపు కౌంటర్ మీద ఏది?

మా బాబాయి కొడుకుకు రంగుల షాపు ఉంది, పెయింట్లు, డిస్టెంపర్లు. కౌంటర్ మీద ఒక మానిటర్ కొనేవాళ్ల వైపు తిప్పి ఉంటుంది. "అన్నయ్యా, ఖాళీగా ఉన్నప్పుడు దాంట్లో ఏదైనా మంచిది పెట్టు" అన్నాడు. మొదట సబ్‌స్ట్రేట్ పెట్టాను. మర్నాడు ఫోను. "అది బీటలు వారిన గోడలా ఉంది అన్నయ్యా. పెయింట్ షాపులో ఇదేం శకునం?"

సరే అని డెకో పెట్టాను. డెకో స్క్రీన్‌ను నిలువుగా, అడ్డంగా ముక్కలు చేస్తూ ఒక్కో ముక్కకూ ఒక రంగు పూస్తుంది. మ్యాక్స్-డెప్త్ ఎన్నిసార్లు కోయాలో చెబుతుంది. ఎక్కువైతే మొజాయిక్ ముక్కలు, తక్కువైతే నాలుగు పెద్ద తలుపులు. గోల్డెన్-రేషియో ఇస్తే సగానికి కాకుండా 1.618 పాళ్లలో కోస్తుంది, ముక్కలు ఒకదానికొకటి చుట్టాల్లా కనిపిస్తాయి. మాండ్రియన్ ఇస్తే డచ్చి చిత్రకారుడి తరహాలో లావు నల్ల గీతలు, తెలుపు, ఎరుపు, నీలం, పసుపు. అది ఇస్తే మ్యాక్స్-డెప్త్ లాంటివి మీరు ఇచ్చినా పట్టించుకోదు, కాబట్టి రెండూ కలిపి రాసి ప్రయోజనం లేదు. షాపుకు గోల్డెన్-రేషియో, స్మూత్-కలర్స్ పెట్టి, డిలే 20 చేశాను. ఈసారి సెకన్లని గుర్తుపెట్టుకునే.

వారం తర్వాత వెళ్లేసరికి ఒక పెద్దాయన మానిటర్ ముందు నిలబడి వేలు పెట్టి చూపిస్తున్నారు. "ఇదిగో బాబూ, మూడో గడిలో ఉంది చూడు, ఆ రంగే. హాలుకు ఆ రంగే కావాలి." మా వాడు షేడ్ కార్డు తీసేలోపు ఇరవై సెకన్లు అయిపోయాయి. ఇప్పుడు డిలే 120 మీద ఉంది.